చెడిన ఇంజను: బాగుచేయించుటయా, అమ్మివేయుటయా?



మాది నంద్యాలకును ఆళ్లగడ్డకును నడుమ, శిరివెళ్ల దాపున నొక పల్లె. నేను సేద్యము చేసికొనువాడనే గాని యంత్రశాస్త్రము చదివినవాడను గాను. చెడిన ఇంజనును గూర్చి మాటాడుమని నన్ను పిలిచినప్పుడు, ఎవరైన మేస్త్రీని పిలువరాదా యని యడిగితిని. "ఎట్లు బాగుచేయవలెనో మేస్త్రీ చెప్పును, బాగుచేయించవలెనో వద్దో తేల్చుకొనవలసినవాడు సొంతదారు గదా" యని వారు బదులు చెప్పిరి. ఆ మాట సబబుగా దోచినది. కావున నా యింట జరిగినదే దాపరికము లేక చెప్పెదను.

2022వ సంవత్సరము అక్టోబరు నెల. మా ట్రాక్టరు మా నాయనగారు 2010లో కొన్నది. బ్యాంకు అప్పు కొంత, మా యమ్మగారి మెడలోని గొలుసు కొంత కలిసి అది మా వాకిటికి వచ్చినది. ఆనాడు మా తమ్ముని కొడుకు ట్రాలీ నిండ మొక్కజొన్న వేసికొని నంద్యాల మార్కెటు యార్డునకు బయలుదేరెను. సగము దారి గడవక మునుపే నీటిగొట్టము పగిలి రేడియేటరులోని నీరంతయు బాటపాలైనది. వేడిని జూపు ముల్లు పైకి లేచియుండినచో వానికి తెలిసియుండును. కాని ఆ ముల్లు రెండేండ్లుగా కదలుటయే లేదు. అది నాకు తెలియును. బాగుచేయించుటకు కొలది వందల రూపాయలు చాలునని కూడ తెలియును. పనుల తొందరలో "చూతములే" యని వాయిదా వేయుచు వచ్చితిని. కనుక తప్పు పిల్లవానిది గాదు, నాది.

ఇంజను గుంజుట తగ్గినను, యార్డు మూయకముందే చేరవలెనను ఆత్రముతో వాడు గేరు తగ్గించి మరింత త్రొక్కెను. కొంత దూరము పోవునప్పటికి గరగరమని చప్పుడు చేసి బండి నిలిచిపోయినది. అంతటితో ఊరకున్నను బాగుండెడిది. దారిన పోవువారెవరో చెప్పగా, దగ్గరి గుంటనుండి బిందెడు చన్నీళ్లు తెచ్చి కాగిపోవుచున్న ఇంజనులో పోసినాడు. కాలిన పెనముమీద నీళ్లు గుమ్మరించిన నేమగునో మన యాడవారి కెరుకే. పోత ఇనుము ఒకవైపు వేడిగాను ఒకవైపు చల్లగాను ఉన్నప్పుడు బీటువారును. ఆవిరి మొగమునకు కొట్టక వాడు బ్రతికి బయటపడుటయే పదివేలు. ఇంజను కాగినప్పుడు చేయవలసినది ఒక్కటే: ఆపి, నీడకు పోయి, అది తనంతట చల్లారువరకు కూర్చుండుట. మూత తీయరాదు, నీరు పోయరాదు, మరల స్టార్టు చేసి చూడరాదు.

ఇచ్చట డీజిలు ఇంజను సంగతి రెండు మాటలు చెప్పక తప్పదు. జర్మనీ దేశమున రుడాల్ఫ్ డీజిల్ అను ఇంజనీరు 1897లో దీనిని నడిపి చూపెను. ఇందులో నిప్పురవ్వ పుట్టించు పరికరము లేదు. పిస్టను పైకి లేచి లోని గాలిని పదునారు, పదునేడవ వంతునకు అదిమిపెట్టును. సైకిలు పంపు కొట్టునప్పుడు అడుగు వెచ్చనగుట చూచియుందురు; అట్లే ఆ గాలి మండునంతగా వేడెక్కును. అందులో నూనె చిమ్మగానే అది అంటుకొనును. అనగా గాలి యదుముటలోనే దాని ప్రాణమున్నది. రింగులు అరిగినను, లైనరు గీరుకొన్నను, పైనున్న హెడ్డు వంగినను, గ్యాస్కెట్టు కాలినను, ఆ గాలి ప్రక్కకు పోయి బలము నశించును. నీరు నూనెలో కలియుట మరియొక కీడు. ఆయిలు కొల పైకి తీసి చూచినప్పుడు నల్లగా నుండవలసిన నూనె పాలు కలిసిన కాఫీ రంగున నున్నదన్న, లోపల నీరు దిగినట్లే. మాది ఆ రంగుననే యుండెను.

ట్రాక్టరును లాగించి ఇంటికి చేర్చితిమి. మరునాడు ఇద్దరు మేస్త్రీలను పిలిచితిని. ఆళ్లగడ్డనుండి వచ్చినతడు, "గ్యాస్కెట్టు పోయినది, తొమ్మిదివేలలో నడిపించెద" ననెను. నంద్యాలనుండి వచ్చినతడు, "ఫుల్ ఇంజను పని, తొంబదియైదువేలు, లేదా అమ్మివేయు" మనెను. ఇద్దరును పనివారే, మోసగాండ్రు గారు. కాని ఇద్దరును విప్పక మునుపే చెప్పిరి. తొమ్మిదివేలకును తొంబదియైదువేలకును నడుమ నిలిచి రైతు ఏమి తేల్చుకొనగలడు?

అదే సాయంకాలము పాత బండ్ల బ్రోకరొకడు వచ్చెను. ఇంజను చెడిన వార్త యెంత వేగముగా పోవునో! అతడు ట్రాక్టరు చుట్టు రెండుమార్లు తిరిగి, టైర్లమీద చేయి వేసి, ఉన్నదున్నట్లు లక్షా పదివేలు ఇచ్చెదననెను. పిమ్మట గొంతు తగ్గించి మరియొక యుపాయము చెప్పెను. "అన్నా, గ్యాస్కెట్టు మాత్రము మార్చి, చిక్కని నూనె పోసి, చల్లని పొద్దున స్టార్టు చేసి చూపుదము. దూరపు రైతెవడైన రెండు లక్షలకు తీసికొనును. నెల రోజులు నడిచిన చాలును, ఆ మీద వాని యదృష్టము." నేను వెంటనే కాదనలేదని చెప్పుటకు సిగ్గగుచున్నది. ఆ రాత్రి ఆ లెక్కయే మనస్సున మెదలినది. మా యమ్మగారికి చెప్పగా ఆమె పెద్దగా ఏమియు అనలేదు. "ఆ దూరపు రైతు పెండ్లాము మెడలోను గొలుసుండును గదా" యని మాత్రమనెను. ఆ యుపాయ మంతటితో తీరినది. కాని లక్షా పదివేల బేరము మాత్రము అట్లే యున్నది.

తొందరకు కారణము వేరొకటి. మాది నల్లరేగడి. వానల చెమ్మ భూమిలో నుండగనే అక్టోబరు నడుమనుండి నవంబరు నడుమవరకు శనగ విత్తవలెను. ఆ యదను దాటిన పిదప విత్తినవాడు ఎండకును తెగులునకును పంట నప్పగించినవాడే. నంద్యాలలో 1906లో పెట్టిన వ్యవసాయ పరిశోధనా క్షేత్రమువారు యంత్రముతో కోయుటకు వీలుగా నిటారుగా పెరుగు శనగను తయారుచేసి యిచ్చినారు; ఎన్.బి.ఇ.జి. 47 అని దాని పేరు. కోతకు యంత్రము వచ్చినది, విత్తుటకు యంత్రము వచ్చినది, మా దొడ్లలో ఎద్దులు లేవు. ఇట్టి సమయమున ట్రాక్టరు పడుకొన్నదన్న రైతు చేతులు పడిపోయినట్లే. అందరును ఒకేసారి విత్తుదురు గనుక అద్దెకు దొరకుటయు కష్టమే.

ఆళ్లగడ్డలో మాకు తెలిసిన శిల్పి యొకాయన గలడు. ఆ యూరి శిల్పుల చేతిపని దూరదేశములకు పోవుట మీ రెరుగుదురు. దిక్కుతోచక ఆయన పనిపాకలో కూర్చుండి నా గోడు చెప్పుకొనుచుండగా, ఆయన క్రొత్తగా వచ్చిన బండను సుత్తితో అచ్చటచ్చట తట్టి చూచుచుండెను. ఒకచోట గంటవలె మ్రోగినది, ఒకచోట బొద్దుగా పలికినది. "ఇందులో కనబడని చీలిక యున్నది. ఆరునెలలు చెక్కి ముక్కు దగ్గర విరిగినప్పుడు ఏడ్చుటకంటె ఇప్పుడు తట్టుట మేలు గదా. నీవు ఇంజనును ఎవరిచేతనైన తట్టించితివా?" యని యడిగెను. తట్టించలేదు. ధరలు మాత్రము విన్నాను.

మరునాడు నంద్యాల మేస్త్రీయొద్దకు నేనే పోయి వేరు విధముగా బేరమాడితిని. "నీవు బాగుచేయవద్దు. విప్పి, ఉన్నది చూపి, చెప్పుము. అందుకు మూడువేలు కూలి. ఆ మీద పని నీకిచ్చినచో దానిలో తగ్గించుము. ఇయ్యనిచో అది నీదే." అతడు ఒప్పుకొనెను. ఈ మూడువేలకంటె సార్థకముగా ఆ యేడు నేను పెట్టిన ఖర్చు లేదు.

అతడు ముందుగా నాజిళ్లు తీసి, ఒక్కొక్క సిలిండరులో కొంచెము నూనె పోసి రాత్రియంతయు నుంచెను. తెల్లవారి క్రాంకును చేతితో త్రిప్పగా బిగువుగానైనను తిరిగినది. తిరుగుట మంచి శకునము. సీజైన పిస్టను ఊడినదన్నమాట. పిదప అడుగు చాంబరు విప్పి నూనె పళ్లెములోనికి దింపి అందులో నయస్కాంతము త్రిప్పెను. ఇనుప పలుకులు రాలేదు. బేరింగులు తీసి చూపెను. గీతలు గలవు గాని క్రాంకు నున్నగా నున్నది. క్రాంకు గీరుకొన్నచో లేత్ షాపున పావు మిల్లీమీటరో అర మిల్లీమీటరో అరగదీసి, ఆ మేరకు మందమైన బేరింగులు వేయవలసివచ్చును. మాకా యవసరము కలుగలేదు. హెడ్డు దింపగా మూడవ పిస్టను ఒకవైపు చీరుకొని యున్నది, లైనరుమీద గోటికి తగులునంత గాడి యున్నది. హెడ్డును లేత్ షాపునకు పంపి, రంధ్రములు మూసి, గాలి పట్టి వేడినీట ముంచగా రెండు వాల్వుల నడుమనుండి బుడగలు సన్నగా లేచినవి. ఆ బుడగలను నేను కన్నులార చూచితిని. తొమ్మిదివేలతో గ్యాస్కెట్టు మార్చియుండినచో వారము దినములకు మరల అదే గతి పట్టియుండును. అయితే ఆ తొంబదియైదువేలలో క్రాంకు పనికి వేసినది అవసరము లేదు. ఇద్దరి మాటలును చెరి సగము నిజమన్నమాట.

ఇక లెక్క. నాకు బేరముతో నిమిత్తములేని యిద్దరిని, ఈ యేటి ఈ బండి నడుచు స్థితిలో నెంత చేయునని యడిగితిని. రెండు లక్షల ముప్పదివేలని ఒకరు, కొంచెము తక్కువగా మరియొకరు చెప్పిరి. ఉన్నదున్నట్లు లక్షా పదివేలు. నడుమ తేడా సుమారు లక్షా ఇరువదివేలు. విప్పిన పిదప మేస్త్రీ చెప్పినది డెబ్బదివేలు. ఊహించని దేదైన బయటపడిన తొంబదివేలు. అప్పటికిని ముప్పదివేలు మిగులును. దీనికి మరి రెండు చేర్చుకొంటిని. గేరుబాక్సు, హైడ్రాలిక్కు, వెనుక టైర్లు బాగున్నవా? బాగున్నవి. క్లచ్చి మాత్రము అనుమానము. విడిభాగములు దొరకునా? నంద్యాలలోనే దొరకును. అవి దొరకని పాత మోడలైనచో, పని యెంత చవుకైనను నేను అమ్మివేయుమందును. ఒక్క వాషరు కొరకు ఎదనంతయు పోగొట్టుకొన్నవారిని చూచినాను.

ఒక లెక్క మాత్రము కావలెనని కొట్టివేసితిని. క్రితమేడు ఆ ట్రాక్టరునకే ముప్పదివేలు పెట్టి టైర్లు వేయించితిమి, అమ్మ గొలుసు పోయినది, ఇంత పెట్టినదానిని ఎట్లు వదలుదుమని ఇంటిలో అందరు అనుచుండిరి. టైర్లు అమ్మకపు ధరలో ఎటులను చేరియున్నవి. గొలుసు పండ్రెండేండ్ల క్రిందట పోయినది. అమ్మినను రాదు, అమ్మకున్నను రాదు. మన కర్నూలు కడప కాలువ కథ చూడుడు. 1863లో మొదలుపెట్టి 1870 నాటికి ఒక ఇంగ్లీషు కంపెనీ దానిని త్రవ్వించినది. పడవలు నడచునని, నీటి తీరువ వచ్చునని తలచిరి. పెట్టిన సొమ్మునకు తగిన రాబడి రాలేదు. ఎంత పెట్టితిమో యని తలపోయుచు కూర్చుండిన ఫలమేమి? 1882లో ప్రభుత్వము కొనివేసినది. కంపెనీ పోయినది, కాలువ నిలిచి మన మళ్లకు నీరిచ్చుచున్నది. పోసినదెంత యని గాక, ఇకమీద ఏమి వచ్చునని చూచుటయే లెక్క.

క్రొత్త ట్రాక్టరు మాట కూడ వచ్చినది. అప్పుడు ఏడు లక్షలకు తక్కువ లేకుండెను, వాయిదాలు ఐదేండ్లు. ముసలి ట్రాక్టరు చెడిన ఒక యేడు ఖర్చు. క్రొత్తదానికి వానలు లేని యేడును వాయిదా కట్టవలెను. మరియొక పాతది కొందమన్న, దాని లోపల నేమున్నదో విప్పిచూచినవా డెవడు? మాది విప్పిచూచినది. కనుక బాగుచేయించుటకే నిశ్చయించి, లక్ష దాటినచో ఆపి అమ్మివేయుదునని ముందుగనే మేస్త్రీకిని ఇంటివారికిని చెప్పితిని. ఆ గీత పని మధ్యలో గీయుట కుదరదు. అప్పటికి మనస్సు మెత్తబడియుండును.

క్రొత్త హెడ్డు, మూడు లైనర్లు పిస్టన్లు రింగులతో సహా, బేరింగులు, గ్యాస్కెట్లు, నీటి పంపు, గొట్టములు, నాజిళ్ల పరీక్ష, కూలి, నూనె అన్నియు కలిసి డెబ్బదియొక వేల ఐదువందలైనది. తొమ్మిది దినములు పట్టినది. ఆ లోపల ఎదనుపోవునను భయమున సగము చేను అద్దె ట్రాక్టరుతో విత్తించితిని. ఆ ఖర్చు వేరు. పాత భాగములన్నియు గోనెసంచిలో వేయించి ఇంటికి తెచ్చుకొంటిని. అడుగుట మోటుగా నుండునని కొందరు జంకుదురు; అడుగవలెను. క్రొత్త ఇంజనువలెనే మొదటి యేబది గంటలు బరువు పెట్టక నడిపి, నూనె మార్పించి, హెడ్డు బోల్టులు మరల బిగింపించితిని. వేడిముల్లు మొట్టమొదట వేయించితిననుట వేరుగా చెప్పనేల! పిమ్మట డిసెంబరులో, అనుమానించినట్లే, క్లచ్చి పోయి మరి తొమ్మిదివేలు పట్టినది. ఆ దినమున మా తమ్ముడు "అమ్మియుండవలసినది" యనెను. నేను బదులు పలుకలేదు.

బాగుచేయించుటయే ఎల్లప్పుడును మేలని నా యభిప్రాయము గాదు. మా బావమరిది కారు కథ వేరు. కుందూనది పొంగి బాటమీద నీరు పారుచుండగా దాటబోయి నడుమ నిలిచినాడు. నిలిచినవాడు ఊరకుండక మరల మరల స్టార్టు చేసెను. గాలి అణగును గాని నీరు అణగదు; సిలిండరులో చేరిన నీటిని అదుమబోయి కనెక్టింగు రాడ్డు వంగి విరిగి, ఇంజను ప్రక్కగోడను పొడుచుకొని బయటికి వచ్చినది. భీమా కంపెనీవారు ఇయ్యమనిరి. పాలసీ కాగితములో సన్నని అక్షరములతో, యంత్రము తనంతట చెడుటయు, ప్రమాదము వెంట తరువాత కలిగిన నష్టమును చేరవని యుండుట సామాన్యము. ఇంజను రక్షణకని అదనముగ కట్టినవారికే కొంత వచ్చును. ఆ కారునకు బాగుసేత ఖర్చు అది నడుచునప్పటి విలువకు సమముగా వచ్చినది. విరిగినది విరిగినట్లే చూపి, ఒక మేస్త్రీకే అమ్మివేయుమంటిని. అమ్మినాడు.

అచ్చట కాగితముల సంగతి వచ్చినది. దీనిని దయతో గట్టిగా వినుడు. చెడిన బండి అమ్మునప్పుడు సొమ్ము చేత బడగానే పీడ వదలినదనుకొందుము. బ్రోకరు ఖాళీ ఫారములమీద సంతకములు చేయించుకొని, పేరు తరువాత మార్పించుకొందుననును. చట్టము దృష్టిలో ఎవరి పేర రిజిస్టరైయున్నదో వారే సొంతదారు. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 50వ సెక్షను ప్రకారము ఈ రాష్ట్రములోనే అమ్మినచో అమ్మినవాడు 14 దినములలోను, కొన్నవాడు 30 దినములలోను రవాణా కార్యాలయమునకు తెలుపవలెను. 29, 30 నంబరుల ఫారములు అందులకే. అప్పు మీదనున్న బండికి బ్యాంకువారి కాగితముతో 35వ నంబరు ఫారము కూడ కావలెను. తుక్కునకే వేసినను 55వ సెక్షను క్రింద 14 దినములలో తెలిపి రిజిస్ట్రేషను రద్దు చేయించుకొనవలెను. ఇంజనే మార్చినప్పుడు క్రొత్త నంబరు పుస్తకములో ఎక్కించుకొనవలెను; లేనిచో అమ్మునాడు చిక్కు.

ఇది వట్టి బెదిరింపు గాదు. నవీన్ కుమార్, విజయ్ కుమార్ల వ్యాజ్యములో 2018 ఫిబ్రవరి 6వ తేదీన సుప్రీము కోర్టువారు తీర్పు చెప్పిరి. బండి చేతులు మారి మారి నాల్గవవాని యొద్ద నుండగా ప్రమాదము జరిగినది. అయినను రిజిస్టరులో పేరున్న మొదటి సొంతదారే నష్టపరిహారమునకు బాధ్యుడని తీర్మానించిరి. ఈ తీర్పు చదువక మునుపే మా బంధువొకాయన అనుభవించుచున్నాడు. ఇంజను పోయిన జీపును చవుకగా వదిలించుకొని, పేరు మార్పు సంగతి మరచెను. కొన్నవాడు దానిని బాగుచేసి మరియొకనికి అమ్మెను. ఆ మూడవవాడు భీమా లేక నడిపి ఒక మనిషిని గుద్దెను. కాళ్లు పోయిన ఆ మనిషికి పరిహారము న్యాయమే. కాని సమను వచ్చినది, జీపు రూపే మరచిపోయిన ఈయన పేర. అమ్మిన దినమున వచ్చిన సొమ్మునకు ఎన్నిరెట్లు కట్టవలసివచ్చునో యని ఆయన నిద్ర మానినాడు.

మా బావమరిది విషయమున నేను ప్రక్కన నిలిచి, కొన్నవానిని వెంటబెట్టుకొని కార్యాలయమునకు పోయి, పేరు మారినట్లు రుజువు చేతబట్టుకొన్న పిదపనే తాళపుచెవి ఇప్పించితిని. ఆ మేస్త్రీ కొంచెము చిన్నబుచ్చుకొనెను. అప్పటికి మా బంధువు కథ చెప్పగా, అతడే తన పాత మోటారు సైకి లొకటి అట్లే అమ్మియున్నట్లు జ్ఞాపకము చేసికొని ఫారములకై అచ్చటనే కూర్చుండెను.

మా ట్రాక్టరు ఈ నాటికిని నడుచుచున్నది. వేడిముల్లు వంక మా తమ్ముని కొడుకు చూచినన్ని మార్లు బాట వంక చూచునో లేదో యని నాకిప్పు డొక క్రొత్త దిగులు. జీపు వ్యాజ్యము మాత్ర మింకను తెగలేదు. ఈ నెలలో మరల వాయిదా గలదు. ఆ దినమున మా బంధువునకు తోడుగా నేనును నంద్యాలకు బస్సులో పోవుచున్నాను.